మా వార్డులో ఒత్తిడి సున్నా

నర్సులకు పని ఒత్తిడి ఎక్కువని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. వాళ్లు మా వార్డు చూడలేదన్నమాట!

మా వార్డులో ఒత్తిడి సున్నా. గొప్పలకు పోయి నేను చెప్తున్న మాట కాదిది. నా ఎడమ చేతికి కట్టిన రబ్బరు పట్టీ చెప్తోంది. దాని మీద తపాలా బిళ్లంత స్క్రీన్, అందులో ఒక పువ్వు. మనసు ప్రశాంతంగా ఉంటే పువ్వు విచ్చుకుంటుంది, ఆందోళన పడితే వాడిపోతుంది. ఒక నెలలో నా పువ్వు ఎంత నిండుగా విచ్చుకుందంటే, ఆసుపత్రి మొత్తానికి ‘అత్యంత ప్రశాంత ఉద్యోగి’ అని నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఫ్రేము కూడా కట్టించి ఇచ్చారండీ!

దాన్ని చూసి మా ఆయన పావుగంట నవ్వారు. ఇరవై నాలుగేళ్లు నాతో కాపురం చేసినంత మాత్రాన నా ప్రశాంతత గురించి ఆయనకేం తెలుస్తుంది? యంత్రానికి తెలిసినంత తెలుస్తుందా?

అందుకే, ఆసుపత్రుల్లోకి టెక్నాలజీ వచ్చాక నర్సుల బతుకు ఎంత హాయిగా మారిందో లోకానికి చాటే బాధ్యత నా భుజాన వేసుకున్నాను. నేను ముప్ఫై మంచాల జనరల్ వార్డుకి హెడ్ నర్సుని. పైగా మా ఆసుపత్రి అధికారిక ‘డిజిటల్ ఛాంపియన్’ని. నా కోటు మీద బ్యాడ్జి ఉంది, కావాలంటే వచ్చి చూసుకోండి.

ఛాంపియన్ ఎలా అయ్యావని అడుగుతారేమో. ప్రతిభ వల్ల అని మీరనుకుంటే నాకేం అభ్యంతరం లేదు గానీ, నిజానికి ఏసీ వల్ల. మీటింగ్ హాల్లో సరిగ్గా నా నెత్తి మీద ఏసీ. మెడ పట్టేస్తోంది. కొత్త సిస్టమ్ పెట్టడానికొచ్చిన ఐటీ ఇంజినీరు వేదిక మీద నుంచి ఏదో అడుగుతున్నాడు. నేను వినలేదు. ఏసీ కాస్త తగ్గించమని చెప్పడానికి చెయ్యెత్తాను. హాలంతా చప్పట్లు! అతను అడిగింది, “ముందుండి అందరికీ నేర్పేవాళ్లు ఎవరు?” అనట.

చెయ్యి దించేద్దామనే అనుకున్నాను. కానీ చప్పట్లు అలవాటు లేని ప్రాణం కదా, దిగలేదు.

ఇంట్లో నేను టీవీ రిమోట్ పట్టుకుంటే మా అమ్మాయి కంగారుపడి లాక్కుంటుంది. అలాంటి నేను ఛాంపియన్ని! ఆ ఇంజినీరుకి నర్సులందరూ ‘అప్‌డేట్ బాబు’ అని పేరు పెట్టారు. ఏ సమస్య చెప్పినా “అప్‌డేట్‌లో వచ్చేస్తుంది మేడం” అంటాడు. మంచివాడు పాపం. సమస్యలు కూడా అప్‌డేట్‌లోనే వస్తాయని అతనికింకా తెలియదు.

ముందుగా పాస్‌వర్డ్ గురించి చెప్పాలి. అది జ్ఞాపకశక్తికి టానిక్. నెలకోసారి మార్చాలి. పాతది మళ్లీ పెట్టకూడదు. అందులో ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి. మొదటి నెల మా అమ్మాయి పేరు పెట్టాను, ఒప్పుకుంది. రెండో నెల మా ఆయన పేరు పెడితే, “ఇది సులభంగా ఊహించవచ్చు” అంది. ఎంత నిజమో! మూడో నెల మా అత్తగారి పేరు పెట్టాను. “బలహీనంగా ఉంది” అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఆ సంగతి ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే యంత్రం బతకదు.

తరవాత స్కానర్. మాత్ర ఇచ్చే ముందు రోగి చేతికున్న పట్టీ మీద గీతల్ని స్కాన్ చెయ్యాలి, మాత్ర పొట్లాం మీద గీతల్నీ స్కాన్ చెయ్యాలి. రెండూ కుదిరితే ‘టింగ్’ అంటుంది. ఒకరి మందు ఇంకొకరికి పోకుండా ఎంత మంచి ఏర్పాటు! ఒకసారి కళ్లజోడు లేక, పొట్లాం అనుకుని ఒక పెద్దమనిషి మంచం పక్కనున్న బిస్కెట్ ప్యాకెట్‌ని స్కాన్ చేశాను. “ఈ మందును డాక్టర్ రాయలేదు. రోజుకెన్ని సార్లు ఇస్తున్నారు?” అని అడిగింది. జవాబు చెప్తే గానీ వదల్లేదు. ఇప్పటికీ ఆ పెద్దమనిషి రికార్డులో ‘బిస్కెట్, రోజుకు రెండు పూటలా, టీ తరవాత’ అని ఉంది.

ఇక అలారాలు. గుండె దగ్గర తీగ కాస్త జారితే ఒకటి, సెలైన్ అయిపోవస్తే ఒకటి, రోగి పక్కకి తిరిగి పడుకుంటే ఇంకొకటి. అవన్నీ అక్కడ మోగితే చాలదన్నట్టు మా నడుముకున్న ఫోన్లో కూడా మోగుతాయి. ఒక షిఫ్టులో ఎన్ని మోగాయో ఒకరోజు లెక్కపెట్టాను. రెండు వందలు దాటాక, లెక్కపెట్టడం వల్ల పని ఆలస్యమవుతోందని ఇంకో అలారం మోగింది. సంగీతం మనసుకి మంచిదని డాక్టర్లే అంటారు కదా! మొన్న ఆదివారం ఇంట్లో వాషింగ్ మెషీన్ పని ముగించి కూత పెట్టింది. నేను కూరగాయల కత్తి అక్కడే పడేసి, పరుగెత్తుకెళ్లి, సోఫాలో కునుకు తీస్తున్న మా ఆయన నాడి పట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడి లేచి, “నేను బాగానే ఉన్నానే, బట్టలు ఆరెయ్యి!” అన్నారు.

ఇన్ని సుఖాలున్నా మాలో కొందరు నీరసంగా కనిపిస్తున్నారని ఆసుపత్రి వాళ్లు గమనించారు. మా క్షేమం పట్ల వాళ్లకెంత శ్రద్ధో చూడండి! వెంటనే మాకు ఈ పువ్వు పట్టీలు కట్టారు.

పువ్వు వాడిందంటే పట్టీ చిన్నగా వణుకుతుంది. “గాఢంగా ఊపిరి పీల్చండి” అని వస్తుంది. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి పీల్చాలి. ఒక చేత్తో వాంతి గిన్నె, ఇంకో చేత్తో రోగి వీపు పట్టుకుని ఉన్నప్పుడు గాఢంగా ఊపిరి పీలిస్తే ఎంత ప్రశాంతంగా ఉంటుందో మీరూ ఓసారి ప్రయత్నించండి. పీల్చకపోతే ‘ఈ ఉద్యోగి తన క్షేమాన్ని నిర్లక్ష్యం చేస్తోంది’ అని పై అధికారికి మెసేజ్ వెళ్తుంది. ఆ పై అధికారి ఎవరనుకున్నారు? నేనే! నా కింద పనిచేసే ఐదుగురు నర్సుల పువ్వులు వాడిన కబుర్లు నా ఫోన్‌కి వచ్చి పడుతుంటే నా పువ్వు వాడేది. నాకూ పట్టీ వణికేది. అందరం నిలబడి ఊపిరి పీలుస్తుంటే, సెలైన్ మార్చమని బతిమాలే రోగులు మమ్మల్ని గుడ్లప్పగించి చూసేవారు.

ఛాంపియన్ పువ్వే వాడిపోతే పరువేం కావాలి? అందుకని ఒక ఉపాయం చేశాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, తెలివైన ఉపాయమే.

మా స్టోర్‌లో ఒక గుమాస్తా ఉన్నాడు. దూది అడిగినా, దుప్పట్లు అడిగినా, ఆక్సిజన్ మాస్కులు అడిగినా, తల కూడా ఎత్తకుండా ఒకే గొంతుతో “లేదండీ” అంటాడు. అరిచినా అంతే, ఏడ్చినా అంతే. ఒకసారి స్టోర్ పక్క గదిలో పొగ వచ్చి అందరం బయటికి ఉరికితే, అతను టీ పూర్తిగా తాగి కప్పు కడిగి పెట్టి మరీ వచ్చాడు. ఈ లోకంలో ప్రశాంతత అనేది ఉంటే అది ఆ మనిషి దగ్గరే ఉందని నాకనిపించింది. నా పట్టీ తీసి అతని చేతికి కట్టాను.

“ఇదేంటండీ?” అని కూడా అడగలేదు.

రోజూ డ్యూటీ ఎక్కగానే కట్టడం, దిగేటప్పుడు విప్పుకోవడం. నా పువ్వు పువ్వులా లేదు, తోటలా తయారైంది. అది చూసి మా ఐదుగురు నర్సులూ నా వెంటపడ్డారు. ఛాంపియన్ని కదా, నేర్పక తప్పుతుందా? నెల తిరిగేసరికి గుమాస్తా మోచేతి దాకా ఆరు పట్టీలు! రాసుకోవడానికి అడ్డంగా లేవా అని అడిగితే, “లేవండీ” అన్నాడు.

ఆ నెలాఖరుకే నాకు సర్టిఫికెట్ వచ్చింది. సూపరింటెండెంట్ మేడం చేతుల మీదుగా తీసుకున్నాను, ఫొటోలో పళ్లన్నీ కనిపించేలా నవ్వాను.

సరిగ్గా వారానికి ఒక కాగితం వచ్చింది.

‘కొత్త సాంకేతికత వల్ల ఈ వార్డులో సిబ్బంది ఒత్తిడి దాదాపు సున్నాకి చేరినందున, ఇక్కడ ఐదుగురు నర్సులు అవసరం లేదని తేలింది. ముగ్గురు సరిపోతారు. మిగిలిన ఇద్దరినీ వేరే భవనానికి బదిలీ చేస్తున్నాం. ఇది సాధించినందుకు హెడ్ నర్సుకి అభినందనలు.’

ఆ కాగితం నేను నాలుగుసార్లు చదివాను. అభినందనలు నాకే! వెళ్లిపోయిన ఆ ఇద్దరూ నాతో పోట్లాడినా బాగుండేది. ఒకామె తన గదిలో కుండీ మొక్కని నాకు అప్పగించి, “రోజూ నీళ్లు పొయ్యండక్కా” అంటూ వెళ్లిపోయింది. అంతకంటే ఒక చెంపదెబ్బ నయం.

ముప్ఫై మంచాలకి ముగ్గురు. తలా పది. నేను తోకలా నాలుగోదాన్ని. అప్పటినుంచి మా వార్డు ఇంకా వేగంగా పని చేస్తోంది. చేయాలి కదా! పొద్దున ఎనిమిదింటికల్లా ముప్ఫై మంది జ్వరం, నాడి, బీపీ, ఊపిరి ట్యాబ్‌లో ఎక్కించాలి. లేకపోతే స్క్రీనంతా ఎర్రబడుతుంది. మొదటి మూడూ మిషన్ చూసి చెప్తుంది. ఊపిరి మాత్రం చెప్పదు. రోగి పక్కన నిమిషం పాటు నిలబడి, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో కళ్లతో చూసి లెక్కపెట్టాలి. ఎంత వెనకబడిన పద్ధతి! ముప్ఫై మందికి ముప్ఫై నిమిషాలు ఊరికే నిలబడటమా?

దానికీ నేను చిట్కా కనిపెట్టాను. ఆ గడిలో వేలు పెట్టగానే నిన్నటి అంకె బూడిద రంగులో కనిపిస్తుంది. దాని మీద నొక్కితే చాలు, ఈరోజుది అయిపోతుంది. మామూలు మనిషికి పదహారు ఉంటుంది. నిన్నా పదహారే, మొన్నా పదహారే, ఈరోజు మాత్రం ఎందుకు మారుతుంది? ముగ్గురికీ ఈ చిట్కా నేర్పాను. ఇద్దరు నేర్చుకున్నారు.

మూడో అమ్మాయి నేర్చుకోలేదు. ఆమెని అందరూ ‘ఎక్స్‌ప్రెస్’ అంటారు. నిదానంగా నడుస్తుంది కాబట్టి పెట్టిన పేరు. ప్రతి మంచం దగ్గరా ఆగుతుంది. ఆగి, చేతులు కట్టుకుని రోగి వైపు చూస్తుంది. నేను ఎన్నిసార్లు కసిరానో! “ఏమే, నీకు ఎర్ర సిగ్నల్ ఎవరు వేశారే? కదులు!” అనేదాన్ని. “వస్తున్నానక్కా” అనేది, కదిలేది కాదు.

పదకొండో మంచం మీద ఒక రిటైరైన బస్సు కండక్టరు గారు ఉండేవారు. కాలికి పుండు పడి, చీము పట్టి చేరారు. భార్య పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేది. ఆయనకి మాత్ర ఇచ్చి నీళ్లిస్తే, మింగాక మంచం పట్టె మీద రెండు సార్లు కొట్టి, “రైట్ రైట్!” అనేవారు, ఇక నువ్వు పోవచ్చన్నట్టు. ఎక్స్‌ప్రెస్ ఆయన ఊపిరి లెక్కపెట్టాక, “మీ రూటు చెప్పండి బాబాయ్ గారూ” అని అడిగేది. ముప్ఫై ఏళ్లు తిరిగిన రూటు కదా, ఆయన కళ్లు మూసుకుని పదిహేడు స్టాపులూ వరసగా చెప్పేవారు. రోజూ విని విని ఆ వార్డులో అందరికీ వచ్చేసింది ఆ రూటు.

ఒక రోజు పొద్దున ఎక్స్‌ప్రెస్ ఒక డ్రెస్సింగ్ దగ్గర చిక్కుకుంటే, ఆమె పది మంచాల లెక్కలూ నేనే ఎక్కించాను. పదకొండో మంచం దగ్గర కండక్టరు గారు కళ్లు మూసుకుని ఉన్నారు. జ్వరం లేదు. నాడి కాస్త ఎక్కువ, బీపీ కాస్త తక్కువ, ఎర్ర గీత దాటలేదు. ఊపిరి గడిలో పదహారు కనిపించింది. నొక్కాను. గడి ఆకుపచ్చగా మారింది. మొత్తం మంచానికి నిమిషం కూడా పట్టలేదు. నా వేగానికి నేనే మురిసిపోయాను.

పదిన్నరకి ఎక్స్‌ప్రెస్ ఆయనకి మాత్ర ఇచ్చింది. మింగారు. పట్టె మీద కొట్టలేదు.

“రైట్ రైట్ అనలేదేంటి బాబాయ్ గారూ?”

“ఊఁ” అన్నారట.

“మీ రూటు చెప్పండి.”

ఆయన మొదలుపెట్టారు. డిపో, ఆసుపత్రి గేటు, పెద్ద స్కూలు... అక్కడ ఆగారు. తరవాత రావాల్సింది మార్కెట్. ఆయన మార్కెట్‌నీ, దాని తరవాత వంతెననీ వదిలేసి, నేరుగా రైల్వే గేటు అన్నారు. మళ్లీ డిపో అన్నారు. దుప్పటి అంచుని వేళ్లతో పీకుతున్నారు.

ఎక్స్‌ప్రెస్ నన్ను కేకేసింది. “అక్కా, ఈయన ఈరోజు తేడాగా ఉన్నారు. ఒకసారి రండి.”

నేను వెళ్లాను. వెళ్లి ఎవరిని చూశాననుకుంటున్నారు? ట్యాబ్‌ని చూశాను!

“అన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి కదే. నిద్రమత్తు అయ్యుంటుంది. నీకింకా ఎనిమిది మందికి మందులివ్వాలి, పద పద.”

“కాదక్కా. మార్కెట్ మర్చిపోయారు.”

“మార్కెట్ మర్చిపోతే ఏ గడిలో ఎక్కించమంటావే?”

చూశారా, ఎంత గొప్ప ప్రశ్న వేశానో! ఆమె ట్యాబ్‌ని తీసి కిటికీ గట్టు మీద బోర్లా పెట్టింది. చేతి గడియారం వైపు చూస్తూ, ఆయన ఛాతీ మీద చెయ్యి ఆనించి నిలబడింది. నిమిషం గడిచింది. నడుముకున్న ఫోన్ మోగుతూనే ఉంది.

“ముప్ఫై రెండు అక్కా,” అంది. “పొద్దున పదహారు అని ఉంది. మూడు గంటల్లో రెట్టింపు ఎలా అయింది?”

ఎలా అయిందో ఆ వార్డులో తెలిసిన మనిషి ఒక్కతే. నేను నోరు విప్పలేదు.

ఆమె బీపీ మళ్లీ చూసింది. ఇంకా దిగింది. సిస్టమ్‌లో డాక్టర్‌కి మెసేజ్ పెడితే వరసలో ఇరవయ్యోది అవుతుందని, ఫోన్ చేసి “ఇప్పుడే రండి సార్” అంది. ఆయన వచ్చేలోగా ఆక్సిజన్ పెట్టింది. తలవైపు మంచం ఎత్తింది. కండక్టరు గారి భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోతే, ఆమెని లోపలికి పిలిచి, “పిన్నిగారూ, ఆయన చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఉండండి, నేనిక్కడే ఉంటాను” అంది. ఉంది కూడా. స్ట్రెచర్ వచ్చి ఆయన్ని ఐసీయూకి తీసుకెళ్లేదాకా ఒక్క అడుగు కదల్లేదు.

కాలి పుండులోని విషం రక్తంలోకి పాకిందట. “ఇంకో రెండు మూడు గంటలు ఇలాగే వదిలేసి ఉంటే నేను వచ్చినా చేసేదేం ఉండేది కాదు,” అన్నాడు డాక్టర్. అని, “పొద్దున పదహారు అని ఉందే, విచిత్రంగా ఉందే!” అంటూ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు సిస్టమ్ తన పని తాను చేసింది. ఎక్స్‌ప్రెస్ పేరు మీద మెమో. ‘ఇరవై రెండు నిమిషాలు పరికరం కదలలేదు. ఏ పనీ నమోదు కాలేదు. తొమ్మిది అలారాలకు స్పందన లేదు. ఎనిమిది మందులు ఆలస్యం. సంజాయిషీ ఇవ్వాలి.’ దాన్ని నేను ఆమోదించాలి. కింద రెండు బటన్లున్నాయి. ఒకటి ‘ఆమోదించు’. రెండోది ‘తరవాత ఆమోదించు’. మూడోది లేదు. వద్దనేవాళ్లు ఉంటారని దాన్ని తయారుచేసినవాళ్లకి తోచినట్టు లేదు.

ఎనిమిదింటికి పదహారు అని నొక్కిన నాకు మాత్రం ‘సకాలంలో పూర్తి’ అని ఒక నక్షత్రం వచ్చింది!

మూడు రోజులు ‘తరవాత’ నొక్కాను. ఇంట్లో మా ఆయన, “ఏమైందోయ్, అత్యంత ప్రశాంత ఉద్యోగి అన్నం కెలుకుతోంది?” అన్నారు. ఆయన సరదాకే అన్నారు, నాకు ఏడుపొచ్చింది. నాలుగో రోజు సూపరింటెండెంట్ మేడం గదికి వెళ్లాను.

“రావమ్మా. ఏంటి, మొహం అలా ఉంది?”

“నా సర్టిఫికెట్ వెనక్కి తీసుకోండి మేడం.”

“అదేంటి, ఎందుకు?”

“అది స్టోర్ గుమాస్తాది.”

మొత్తం చెప్పాను. ఆరు పట్టీలూ చెప్పాను. మేడం నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు పదహారు సంగతి చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

“ఎవరికైనా తెలుసా?” అని అడిగారు మెల్లగా.

“ఇప్పుడు మీకు తెలుసు మేడం. ఆ అమ్మాయికి తెలుసనే అనుకుంటున్నాను. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.”

ఆవిడా ఒకప్పుడు మాలాగే తెల్ల చెప్పులు వేసుకుని వార్డుల్లో తిరిగినవారే. “ఊపిరి లెక్కపెట్టి ఎన్నేళ్లయిందో,” అన్నారు. “తెలిస్తే రోగి ఊపిరి తీరు మారిపోతుందని నాడి చూస్తున్నట్టు నటించేవాళ్లం, గుర్తుందా?”

గుర్తుంది. నాకెందుకు గుర్తుండదు?

అప్‌డేట్ బాబుకి ఫోన్ చేసి మెమో తీసెయ్యమన్నారు. తీసే వీల్లేదట, కింద వ్యాఖ్య రాయవచ్చట. మేడం ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తన చేత్తో తనే కొట్టారు: ‘ఆ ఇరవై రెండు నిమిషాలూ ఆమె పని చేస్తోంది.’

నా తప్పు నేను కాగితం మీద రాసిచ్చాను. నాకూ మెమో వచ్చింది, సిరాతో సంతకం పెట్టిన అసలైన మెమో. దక్కాల్సిందే దక్కింది. ఛాంపియన్ బ్యాడ్జి కూడా తీసేద్దామన్నారు గానీ, ఛాంపియన్‌ని తొలగించే ఆప్షన్ సిస్టమ్‌లో లేదట. కాబట్టి మీతో మాట్లాడుతున్నది ఇప్పటికీ ఛాంపియనే!

“మరి మా ఇద్దరు నర్సులూ మేడం?”

ఆవిడ నీళ్లు నమిలారు. “మీ వార్డులో ఒత్తిడి తగ్గిందని లెక్కలు పైకి వెళ్లిపోయాయమ్మా. వాటి మీద నా సంతకమే ఉంది. మళ్లీ రాస్తాను. చూద్దాం.” నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచారు. “ఏమ్మా, ఆ గుమాస్తా బుధవారాలు ఖాళీగానే ఉంటాడా? ఆ రోజు నాకు రివ్యూ మీటింగ్ ఉంటుంది.”

కండక్టరు గారు ఆరు రోజులకి వార్డుకి తిరిగొచ్చారు. మొహం పీక్కుపోయింది గానీ కళ్లు తేటగా ఉన్నాయి. భార్య నీళ్లకి వెళ్లినప్పుడు మంచం పక్కన కూర్చున్నాను.

“ఆ రోజు మీ ఊపిరి నేను చూడలేదండీ. చూసినట్టు రాశాను. తప్పు నాదే.”

కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను.

“నిండిన బస్సులో కండక్టరుకి చేతులే కనపడతాయి సిస్టరమ్మా, మొహాలు కనపడవు,” అన్నారు. “ఒకసారి నా బస్సులో ఒక ముసలాయన కిటికీకి ఆనుకుని కూర్చుని ప్రాణం వదిలేశాడు. నేను ఆయన ముందు నుంచి రెండుసార్లు వెళ్లాను, టికెట్ టికెట్ అంటూ. డిపోకి వచ్చాక చూశాను.” దుప్పటి సర్దుకుని, “అప్పట్లో డ్యూటీకి ఇద్దరు కండక్టర్లుండేవాళ్లం. రెండోవాణ్ణి తీసేసిన ఏడాది అది,” అన్నారు.

ఆయన ఛాతీ వైపు చూస్తూ నిమిషం పాటు అక్కడే కూర్చున్నాను. పద్దెనిమిది.

మేడం రాసిన ఉత్తరానికి ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. అంతలో కొత్త వెర్షన్ కోసం మా అభిప్రాయాలు సేకరిస్తామంటూ మీటింగ్ పెట్టారు. అప్‌డేట్ బాబు లాప్‌టాప్ తెరిచి ఉత్సాహంగా కూర్చున్నాడు. ఒకరు పువ్వు రంగు మార్చమన్నారు. ఇంకొకరు అలారం బదులు పిట్టకూత పెట్టమన్నారు. అన్నీ రాసుకున్నాడు.

“ఛాంపియన్ మేడం, మీకేం కావాలి?”

“ఒకటి కావాలి బాబూ. అవుతుందో లేదో మరి.”

“చెప్పండి మేడం, వెర్షన్ త్రీలో ఏదైనా చేసేస్తాం!”

“నేనొక రోగి దగ్గర నిలబడి ఉన్నప్పుడు, పక్క మంచం మీద మనిషి పిలిస్తే అది వెళ్లి చూడాలి. చూడటమంటే దగ్గరికెళ్లి చూడటం. దాహమంటే తల కింద చెయ్యి పెట్టి లేపి నీళ్లు పట్టాలి. మొహంలో తేడా ఉంటే ఎవరూ చెప్పకుండానే పసిగట్టాలి. నేను అంతా గ్రీన్‌గా ఉందంటే, కాదక్కా అని నాతో వాదించాలి.”

అతను టకటకా కొట్టుకుంటూ పోతున్నాడు. ముఖం వెలిగిపోతోంది. “చాలా అడ్వాన్స్‌డ్ మేడం! ఇలాంటిది ఎక్కడైనా వాడుతున్నారా?”

“మా వార్డులోనే. ఐదు నెలల కిందటి దాకా.”

“అరె, నాకెవరూ చెప్పలేదే! మీ వార్డుకి ఎన్ని కావాలంటారు?”

వేళ్లు చూపించాను. అతను ‘రెండు’ అని కొట్టి, నాకు చూపించాడు.

“రెండు కాదు బాబూ,” అన్నాను. “ఇద్దరు.”